వకాండా దుప్పటి, మా దాదీ ఫేటియా

నేను పనిచేసే ఆశ్రమ పాఠశాలలో పిల్లలు పాఠం కంటే ఎక్కువగా అడిగే ప్రశ్నలు రెండున్నయి. "మేడమ్, సూపర్‌హీరోల కథల్లో ఏది చదవాలె?" అనేది మొదటిది. "మీకు ఎవరి డ్రెస్సు ఇష్టం?" అనేది రెండోది. దేవరకొండ, చందంపేట దిక్కు తాండాల నుంచి వచ్చిన లంబాడీ పిల్లలు, అమ్రాబాద్ అడవిలోని పెంటల నుంచి వచ్చిన చెంచు పిల్లలు ఒకే బెంచీ మీద కూసొని అడుగుతరు. సినిమాలు అందరూ ఫోన్లలో చూసిన్రు. ఆ సినిమాలు పుట్టిన బొమ్మల పుస్తకాలు చూసినోళ్లు మాత్రం తక్కువ. నా లెక్కలో ఆ రెండు ప్రశ్నలూ ఒకటే. ఏ కథ చదవాలో తెలుసుకోవాలంటే, అందులోని హీరో తొడుక్కున్న బట్ట ఎవరు నిర్ణయించిన్రో చూడాలె. అది చూసుడు వస్తే మంచి కథేదో దానంతటదే తెలుస్తది.

నాకీ పిచ్చి మా బాపు వల్ల పట్టింది. పాలమూరు లేబర్ అంటే దేశమంతా ఎరుకే. మా బాపు బొంబాయికి కాంక్రీటు పనికి పోయేటోడు. తీజ్ పండుగకు ఇంటికొచ్చేటప్పుడు మూటలో బట్టల నడుమ పాత హిందీ కామిక్కులు పెట్టుకొచ్చేది. ఎక్కువగా రాజ్ కామిక్స్ వాళ్ల నాగరాజ్. ఒళ్లంతా పచ్చటి పాము పొలుసులు ఉండేటోడు. గోర్‌బోలికి హిందీ దగ్గరి చుట్టం గనుక ఆ మాటలు నాకు తొందరగా అందినయి. తర్వాత హైదరాబాదులో చదివేటప్పుడు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లో ఇంగ్లీషువి ఏరుకున్న. అందుకే ఇక్కడ నేను చెప్పేవి చాలావరకు ఇంగ్లీషువి. సార్లు, మేడమ్‌లు బొమ్మలు చూపించి కథను తెలుగులోనో, గోర్‌బోలిలోనో చెప్పొచ్చు. నేనట్లనే చేస్తున్న.

ముందుగా ఒక మాట వివరించాలె. ఒక రచయిత, ఒకరిద్దరు చిత్రకారులు కలిసి కొన్ని నెలలో, కొన్నేండ్లో ఒకే హీరో కథను నడిపితే దాన్ని 'రన్' అంటరు. హీరో పాతోడే, నడిపేటోళ్లు మారుతరు. మా తాండాకొచ్చే భాట్‌లు, ఢాడీలు ఒకే వంశ కథను ఒక్కొక్కరు ఒక్కో తీరుగ పాడినట్టు. అందుకే "బ్లాక్ పాంథర్ చదువు" అంటే సరిపోదు, ఎవరి చేతిలో ఉన్నప్పటి బ్లాక్ పాంథరో చెప్పాలె.

ఇక బట్టల సంగతి. 1938లో వచ్చిన సూపర్‌మ్యాన్‌తో ఈ వేషం మొదలైందనుకోవచ్చు. జెర్రీ సీగెల్ రాసిండు, జో షస్టర్ గీసిండు. ఇద్దరూ అమెరికాకు వలసొచ్చిన యూదుల ఇండ్ల పిల్లలు. ఒంటికి అతుక్కున్న బట్ట, దాని మీద చెడ్డీ అనేది సర్కస్‌లో బరువులెత్తే పహిల్వాన్ల వేషం నుంచి తీసుకున్నది. వెనక ఎగిరే గుడ్డ ఎందుకంటే, కదలని కాగితం మీద మనిషి కదులుతున్నట్టు కనబడాలె గనుక. అంటే ఆ వేషంలో ప్రతి ముక్కకూ ఒక పని ఉన్నది. ఇది గుర్తు పెట్టుకోండ్రి, మా దాదీ దగ్గరికొచ్చినప్పుడు అక్కరకొస్తది.

మన దేశంలో ఒక తరమంతా చదివిన అడవి హీరో ఫాంటమ్. లీ ఫాక్ 1936లో మొదలుపెట్టిండు. టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్ల ఇంద్రజాల్ కామిక్స్ 1964 నుంచి ఆయన కథలను మన ఇండ్లకు తెచ్చింది. ఊదారంగు వేషం, పుర్రె గుర్తు ఉంగరం, గుహలో పుర్రె సింహాసనం. ఇరవయ్యొక్క తరాల నుంచి తండ్రి పోతే కొడుకు అదే వేషం తొడుక్కుంటడు గనుక, లోకం ఆయన్ను చావులేనోడనుకుంటది. ఊహ మంచిదే. కాని ఆ అడవి ఎవరిది? అక్కడ విషబాణాలు వేసే బందర్ తెగ ఉన్నది. అడవిని ఏలేటోడు మాత్రం తెల్లోడు. ఆ తెగవాళ్లు ఎప్పుడూ ఆయన వెనక గుంపుగా నిలబడి ఉంటరు. వాళ్ల ఒంటి మీది బట్టకు కథ లేదు, వాళ్లకు పేర్లు కూడ అరుదు. ఒక చెంచు పిల్లగాడు ఈ పుస్తకం తిప్పి చూసి అడిగిండు: "మేడమ్, అడివి వాళ్లదైతే కుర్సీ ఆయనదెట్లయింది?" ఈ ఒక్క ప్రశ్న చాలు, ఫాంటమ్‌ను తరగతిలో చదివించొచ్చు. దాచిపెట్టుడు అక్కర లేదు.

ఈ ప్రశ్ననే అమెరికాలో ఒకాయన 50 ఏండ్ల కింద అడిగిండు. మార్వెల్ కంపెనీ 1970ల మొదట్లో 'జంగిల్ యాక్షన్' అనే పత్రిక నడిపేది. పేరుకు ఆఫ్రికా అడవి, హీరోలందరూ తెల్లోళ్లు. అక్కడ ప్రూఫులు దిద్దే డాన్ మెక్‌గ్రెగర్, ఆఫ్రికాలో జరిగే కథకు ఆఫ్రికా మనిషి హీరో ఎందుకు కాడని అడిగిండు. ఆ పత్రికలోనే బ్లాక్ పాంథర్ కథ రాసే పని ఆయనకు వచ్చింది. 1973 నుంచి 1975 దాకా నడిచిన ఆ కథ పేరు 'పాంథర్స్ రేజ్'. గీసినోళ్లలో బిల్లీ గ్రాహమ్ నల్లజాతి చిత్రకారుడు. కథలో దాదాపు అందరూ నల్లజాతి మనుషులే: రాజు, శత్రువు, ప్రేమించిన మనిషి, రైతు, పిల్లగాడు. నేను చదవమనే మొదటి రన్ ఇది. అందులో రాజు టిచల్లా నల్ల వేషం ప్రతి పోరాటంలో చినుగుతది. ముండ్లకు, జంతువుల గోర్లకు, నీళ్లకు చినిగి పీలికలైతది. అయినా మళ్లీ లేస్తడు. హీరో బట్ట చినిగినంక కూడ హీరోనే ఉంటడని బొమ్మలో చూపించిన కథ అది.

దాని తర్వాత 2016లో టా-నెహీసి కోట్స్ రాయగా బ్రయాన్ స్టెల్‌ఫ్రీజ్ గీసిన రన్ చదువుండ్రి. అందులో ప్రజలే రాజు మీద తిరగబడ్తరు. ఇంత తెలివిగల దేశానికి అసలు రాజెందుకు అని అడుగుతరు. కొంచెం బరువైన కథ. ఇంటర్ పిల్లలకు, డిగ్రీ పిల్లలకు పనికొస్తది. మన తాండాలలో నాయక్ మాట, ఇప్పుడు గ్రామ పంచాయతీలైనంక సర్పంచ్ మాట అని జరిగే వాదులాటలన్నీ అందులో వినబడ్తయి.

2018లో వచ్చిన బ్లాక్ పాంథర్ సినిమా మీరందరూ చూసిన్రు. అందులో బట్టలు రూపొందించినామె రూత్ ఈ. కార్టర్. ఆ పనికి 2019లో ఆస్కార్ వచ్చింది. బట్టల రూపకల్పనకు ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి మహిళ ఆమె. ఆమె ఏం చేసింది? ఆఫ్రికా తెగల ఒంటి మీద ఉన్నదాన్నే తీసుకున్నది. సరిహద్దు కాపలాదారులు కవచంలాగ పట్టుకునే దుప్పట్లు లెసోతో దేశంలో బసోతో జనం చలికి కప్పుకునేవి. రాణి నెత్తి మీది పెద్ద గుండ్రటి టోపీ, జులూ తెగలో పెండ్లయిన ఆడోళ్లు పెట్టుకునేది. జుట్టుకు ఎర్రమట్టి పూసుకునుడు నమీబియాలోని హింబా ఆడోళ్లది. లోకమంతా టికెట్ కొని చూసిన ఆ అందం, ఎన్నడో తెగల ముసలమ్మలు చేతులతో చేసిపెట్టింది. నాకు నచ్చిన వేషాల్లో ఆ బసోతో దుప్పటిది పెద్దపీట. లెసోతోలో అది చలికి అడ్డం, సినిమాలో కత్తికి అడ్డం.

ఇప్పుడు మన బడులకు బాగా దగ్గరైన హీరో గురించి చెప్తా. డానీ మూన్‌స్టార్. 1982లో క్రిస్ క్లేర్‌మాంట్, బాబ్ మెక్‌లియోడ్ చేసిన 'న్యూ మ్యూటంట్స్'లో ఉంటది. అమెరికాలోని చెయెన్ తెగ అమ్మాయి. తాతను పోగొట్టుకొని, దూరంగ ఒక హాస్టల్ బడికి చదువుకొననికి వస్తది. అక్కడ అందరికీ నలుపు పసుపు యూనిఫాం ఒకటే. డానీ దాన్ని వేసుకుంటది, కాని దాని మీద తన తెగ నడికట్టు, తన తీరు బూట్లు వేసుకుంటది, జడలు రెండు అట్లనే ఉంచుకుంటది. బడి తనదే, తెగా తనదే. యూనిఫాం వద్దనలేదు, దానిలో కలిసి కనబడకుంట పోలేదు. తెలంగాణ లంబాడీలను ఎస్టీ జాబితాలో చేర్చిన 1976 చట్టం తర్వాతనే మా వాళ్లు పెద్దసంఖ్యలో ఇట్లాంటి బడుల మెట్లెక్కిన్రు. యూనిఫాం మాకు అన్నంతోపాటు దొరికిన గౌరవం. దాని పైన ఒక్క అద్దాల పట్టీ, ఒక్క గవ్వల దండ కట్టుకొచ్చే రోజు నెలకొకటి పెడితే తప్పేముంది? హెడ్మాస్టర్లు ఆలోచించాలె.

మిస్ మార్వెల్ కూడ అట్లాంటిదే. 2014లో జి. విల్లో విల్సన్ రాసింది, ఏడ్రియన్ అల్ఫోనా గీసిండు. కమలా ఖాన్ అమెరికాలో పుట్టిన పాకిస్తానీ ఇంటి పిల్ల. శక్తి రాంగనే ఆమె మొదట తెల్ల హీరోయిన్ తీరుగ మారిపోతది: పసుపు జుట్టు, పొడుగు బూట్లు, కురుచ బట్టలు. తనకు ఇష్టమైన రూపమే. తీరా దొరికినంక చూస్తే ఆ జుట్టు ముఖం మీద పడ్తది, ఆ బట్ట ఒంట్లో గుచ్చుకుంటది. చివరికి తన దగ్గర ఉన్న బుర్కినీని, అంటే ఒళ్లు కప్పే ఈత బట్టను, మార్చి తన వేషం తానే చేసుకుంటది. జేమీ మెక్‌కెల్వీ గీసిన ఆ నమూనాలో చేతికో కడియం, మెడకో పొడుగు గుడ్డ. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలకు నేను మొదట ఇచ్చే పుస్తకం ఇదే. తెల్లగ కావాలని క్రీములు పూసుకునే వయసు గదా అది.

మగపిల్లలు స్పైడర్‌మ్యాన్ అంటే ప్రాణమిస్తరు. 1962లో స్టీవ్ డిట్కో గీసిన ఆ వేషం గొప్పతనం ముసుగులో ఉన్నది. మిగిలిన హీరోలకు గదవన్నా కనబడేది, ఈయనకు ముఖం మొత్తం మూత. లోపలున్నోడు ఏ రంగోడో, ఏ కులమోడో ఎవరికీ తెలవదు. ఆ ముసుగు కింద నేనున్న అని ఎవరైనా అనుకోవచ్చు. 2011లో బ్రయాన్ మైకేల్ బెండిస్, సారా పిచెల్లి దాన్ని నిజం చేసిన్రు. మైల్స్ మొరాలెస్ అనే నల్లజాతి పిల్లగాడు నలుపు ఎరుపుల వేషం వేసిండు. నాకిష్టమైన వేషాల్లో అదొకటి. 2004లో శరద్ దేవరాజన్, సురేశ్ సీతారామన్, జీవన్ కాంగ్ కలిసి పవిత్ర్ ప్రభాకర్ అనే భారత స్పైడర్‌మ్యాన్‌ను తెచ్చిన్రు. నాలుగే సంచికలు. పైన సాలీడు చొక్కా, కింద ధోవతి. ఇష్టంగనే చదివిన. కాని మన దేశపు బట్ట అంటే ధోవతే ఎందుకు గుర్తుకొస్తదని అడగాలె కదా? మా మగోళ్ల ఎర్ర పాగా ఎందుకు గుర్తుకు రాదు?

ముసుగు మాట వచ్చింది గనుక ఒకటి చెప్పాలె. హీరోకు ముసుగు సౌకర్యం. తీసేస్తే మామూలు మనిషి, గుంపులో కలుస్తడు. మా వాళ్లకు ఆ సౌకర్యం లేకుండె. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంట దేశం తిరిగిన బంజారాలను రైలు వచ్చి పనిలేకుంట చేసింది. 1871లో బ్రిటిషోళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి, ఎన్నో సంచార తెగలను పుట్టుకతోనే నేరస్తులని రాసిన్రు. ఆ ముద్ర మా మీద కూడ పడ్డది. దూరం నుంచి మెరిసే అద్దాల బట్ట చూసి "అగో, వాళ్లొస్తున్నరు" అని తలుపులేసుకున్న ఊర్లున్నయి. నేను చిన్నప్పుడు చదివిన హాస్టల్‌కు మా దాదీ ఫేటియా కట్టుకొని నన్ను చూడనికొస్తే గేటు కాడ నవ్విన్రు. దాదీ వాళ్ల దిక్కు ఒకసారి చూసి, నెత్తి మీద టుకిరి సదురుకొని, గేటు పక్కన రాయి మీద కూసొని, నాకు తెచ్చిన రొట్టె మూట విప్పింది. తినేదాక కదలలేదు.

ఆ బట్టలోనూ సూపర్‌మ్యాన్ వేషంలాగ ప్రతి ముక్కకూ పని ఉన్నది. ఫేటియా అంటే గజాల కొద్దీ గుడ్డతో కుచ్చులు పెట్టి కుట్టే పావడ. కూసున్నా, నడిచినా, బండి ఎక్కినా కాలికి అడ్డం రాని వెడల్పు. నడుము పట్టీ మందంగ కుట్టి ఉంటది, బరువు మోసేటప్పుడు నడుముకు ఆసరా. కాంచళి ముందర అద్దాలు, గవ్వలు, పాత పావలా, అర్ధరూపాయి బిళ్లలు. వీపు దిక్కు తాళ్లే, గాలి ఆడనికి. అడవిలో పోయేటప్పుడు అద్దాల మెరుపుకు జంతువులు దగ్గరికి రావని పెద్దలు చెప్తరు. చేతుల నిండ బలియాలు, చెంపల పక్కన పెండ్లయినదానికి గుర్తుగ ఘూగ్రి, టోప్లి. నీళ్ల బిందె కింద పెట్టుకునే చుట్ట గణ్ణో, దాని నుంచి తల వెనక జారే కుట్టుపని గుడ్డ ఫూలియా. నీళ్లకు పోయే ఆడమనిషి వెనక అది ఊగుతుంటే చూడుండ్రి. సూపర్‌మ్యాన్ వీపు మీది గుడ్డ ఎగిరేందుకే. ఈ ఫూలియా బిందె మోసే మనిషి వెంట నడుస్తది.

ఇంత పని చేసినోళ్ల పేర్లేవి? బ్యాట్‌మ్యాన్ సంగతి వినుండ్రి. 1939లో బాబ్ కేన్ మొదట గీసిన బొమ్మలో ఎర్రటి బట్టలు, గట్టి రెక్కలు ఉండె. వాటిని మార్చి గబ్బిలం ముసుగు, జారే అంగీ, బూడిద రంగు చెప్పినోడు బిల్ ఫింగర్. పేరు మాత్రం కేన్‌దే నడిచింది. ఫింగర్ 1974లో చనిపోయిండు. ఆయన పేరు కేన్ పక్కన చేరింది 2015లో. ఫింగర్‌కు అన్నేండ్లు పట్టింది. మా దాదీలకు ఇంకా పట్టలేదు. పెద్ద షాపుల్లో 'బంజారా వర్క్' అని సంచులు, జాకెట్లు అమ్ముతరు, కుట్టినామె పేరు ఏ చీటీ మీదా ఉండదు.

అట్లని ఫేటియా కట్టుకోకపోతే లంబాడీది కాదని ఆడపిల్లలను బెదిరించుడు నాకు నచ్చదు. మా యాడి పట్నంల కూలికి పోయేటప్పుడు చీర కట్టుకున్నది. ఎండకు ఫేటియా బరువు, కొత్తది కుట్టించాలంటే ఖర్చు, పనికాడ మేస్త్రి చూపు వేరే. ధోవతి, పాగా వదిలి ప్యాంటు తొడిగిన మగోళ్లను ఎవరూ ఏమనలేదు. సంస్కృతి బరువు ఆడోళ్ల నడుముకే ఎందుకు కట్టాలె? కమలా ఖాన్ తనది తాను ఎంచుకున్నది. డానీ తనది తాను ఎంచుకున్నది. మన పిల్లలకూ ఆ ఎంపిక ఉండాలె. కట్టుకుంటే ఎవరూ నవ్వొద్దు, కట్టుకోకపోతే ఎవరూ నిలదీయొద్దు.

మన దేశంలో ఈ ఎంపికను గట్టిగ చేసి చూపినాయన అంబేడ్కర్. చదువుకు దూరంపెట్టిన కులంలో పుట్టి సూటు, టై తొడిగిండు. ప్రతి ఊర్లో విగ్రహానికి ఆ నీలి సూటే. ఆయన కథను 2011లో 'భీమాయన' అనే బొమ్మల పుస్తకంగ తెచ్చిన్రు. శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్ రాసిన్రు. బొమ్మలు ప్రధాన్ గోండు దంపతులు దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం గీసిన్రు. గోండు ఇంటి గోడల బొమ్మను కామిక్ పుస్తకంలోకి తెచ్చిన్రు. మనుషులను డబ్బాల్లో బంధించలేమని పేజీలను చదరపు గళ్లుగ కోయలేదు, తమ దిగ్నా ముగ్గుల గీతలతో విడదీసిన్రు. మంచిమాటల బుడగ పిట్ట ఆకారం, కులం విషం కక్కే మాటల బుడగకు తేలు కొండి. మార్వెల్‌లో కూడ లేని ఊహ అది. నేను చెప్పిన పుస్తకాలన్నింటిలో ఒక్కటే కొనే పైసలుంటే మీ బడి లైబ్రరీకి ఇది కొనుండ్రి.

నిరుడు మా పిల్లలతోని సొంత హీరోలను గీయించిన. ఎనిమిదో తరగతి లంబాడీ అమ్మాయి ఒక హీరోయిన్‌ను గీసింది: కింద స్పోర్ట్స్ బూట్లు, ప్యాంటు, పైన కాంచళి అద్దాలు, వెనక ఫూలియా. అద్దాలు ఎండను మళ్లించి శత్రువు కండ్లలో కొడ్తయట. ఇంటికి పోయి వాళ్ల దాదీకి చూపిస్తే ఆమె, "మంచిగున్నది గని జేబేది? బస్సు పైసలు ఎక్కడ పెట్టుకుంటది?" అన్నదట. మరునాడు నడుముకు గవ్వల సంచి వచ్చింది. ఒక చెంచు పిల్లగాడు గీసిన హీరోకు ముసుగే లేదు. కొండ చరియకు తాడు కట్టుకొని తేనెపట్టు కాడికి దిగుతున్నడు. ముసుగెందుకు లేదురా అంటే వాడన్నడు: "పైన తాడు పట్టినోనికి కిందున్నోడు ఎవడో ఎరుకుండాలె గద మేడమ్."

చదివే వరుస ఇది: చిన్న పిల్లలకు మైల్స్ మొరాలెస్, తొమ్మిదో తరగతి లోపు మిస్ మార్వెల్, హాస్టల్ పిల్లలందరికీ న్యూ మ్యూటంట్స్, ఇంటర్ నుంచి పాంథర్స్ రేజ్, ఆ తర్వాత కోట్స్ రన్, అన్ని వయసులకూ భీమాయన. ఫాంటమ్‌ను సారు పక్కన కూసొని చదివించాలె. చదువుడు అయినంక గీసుడు. గీసే ముందు ఒక పని చేయుండ్రి తమ్ముళ్లూ, చెల్లెండ్లూ. మీ ఇంట్లో పెట్టెలో మడిచిపెట్టిన ఫేటియా ఉంటే బయటికి తీయుండ్రి. దాని మీద ఉన్న ఒక్కో కుట్టు పేరు గోర్‌బోలిలో ఏమంటరో దాదీని, నానీని అడిగి నోట్‌బుక్కులో రాసుకోండ్రి. ఆ కుట్టు ఎవరు వేసిన్రో ఆమె పేరు కూడ పక్కనే రాయుండ్రి.